పంటి బిగువున భరించిన నొప్పి
దవడ కీలుకు లేజర్ చికిత్స: ఎంతవరకు ఆశించవచ్చు?

గాజువాకలో ఉండే మా ఆపా ఇరవై ఏళ్ళకు పైగా ఇంటిదగ్గరే పిల్లలకు ఖుర్ఆన్ చదవడం నేర్పుతోంది. అస్ర్ నమాజు తరువాత మొదలయ్యే పాఠం మగ్రిబ్ అజాన్ వినిపించేదాకా సాగుతుంది. ఒక్కొక్క అక్షరం నోటిలో ఎక్కడినుంచి పుట్టాలో, పెదవులు ఎంత విచ్చుకోవాలో తాను పలికి చూపించి, పిల్లలచేత పలికిస్తుంది. నిరుడు రమజాన్‌కు కొన్ని వారాల ముందు ఆమెకు కుడిచెవి ముందుభాగంలో నొప్పి మొదలైంది. నోరు తెరిచినప్పుడల్లా టక్కుమని చప్పుడు. ఆవులిస్తే దవడ ఒక పక్కకు జారినట్లు అనిపించేది. తెల్లవారుజామున సహ్రీకి లేచేసరికి దవడ బిగుసుకుపోయి, రొట్టెముక్క నమలడం కూడా కష్టమయ్యేది.

ఆమె ఎవరికీ చెప్పలేదు. పంటి బిగువున భరించింది. ఈ మాటను మనం ఎంత అలవోకగా వాడతామో, ఈ వ్యాధి విషయంలో అది ఎంతటి అక్షరసత్యమో ఆ తరువాత గాని నాకు తెలియలేదు.

చెప్పిన తరువాత జరిగినది చాలా ఇళ్ళలో జరిగేదే. మొదట చెవిపోటు అనుకొని చుక్కలమందు వేశారు. తగ్గలేదు. ఆపైన పంటినొప్పి అనుకొని ఒక దంతవైద్యుని వద్దకు వెళితే, జ్ఞానదంతం వంకరగా ఉన్నదని తీసివేశారు. పన్ను పోయింది, నొప్పి పోలేదు. చివరకు ఎవరో చెప్పగా ఒక ప్రైవేటు క్లినిక్‌కు వెళ్ళారు. ‘‘కీలు అరిగింది. పది సిట్టింగుల లేజర్ ఇస్తే నొప్పి మాయమవుతుంది. మొత్తం ముందే కడితే రాయితీ’’ అన్నారట అక్కడ. ఉక్కు కర్మాగారంలో పనిచేసే దూలాభాయి డబ్బు కట్టడానికి సిద్ధపడి, ఎందుకో ఆగి, నాకు ఫోన్ చేశారు. ‘‘నువ్వు పుస్తకాలు తిరగేసేవాడివి కదా, ఈ లేజర్ సంగతేమిటో కాస్త చూసి చెప్పు. పనికొస్తుందంటే అప్పుచేసైనా కడతాను’’ అన్నారు.

ఆయనకు చెప్పవలసిన జవాబు కోసం చేసిన వెతుకులాటే ఈ వ్యాసం. నేను వైద్యుణ్ణి కాను. వైద్య పత్రికలలో అచ్చయిన విషయాలను చదివి, తెలిసినవారిని అడిగి, అర్థమైనంత మేరకు రాస్తున్నాను. చికిత్స నిర్ణయం మిమ్మల్ని స్వయంగా పరీక్షించిన వైద్యునిదే.

చెవి ముందరి కీలు

రెండు చూపుడువేళ్ళనూ చెవుల ముందు ఆనించి, నెమ్మదిగా నోరు తెరచి మూయండి. వేళ్ళ కింద కదిలేదే దవడ కీలు. కపాలంలోని కణత ఎముకలో ఒక చిన్న గుంట, ఆ గుంటలో కింది దవడ ఎముక గుండ్రని కొన, రెండింటి నడుమ మెత్తని దిండువంటి ఒక బిళ్ళ. తలుపు బందు ఒకే చోట తిరుగుతుంది. దవడ కీలు మాత్రం మొదట బందులా తిరిగి, నోరు ఇంకా పెద్దగా తెరిచేసరికి గుంటలోనుంచి ముందుకు జారుతుంది. అంతేకాదు, కుడి కీలు, ఎడమ కీలు ఒకే ఎముకకు రెండు కొసలు. ఒకటి కదిలితే రెండవది కదలక తప్పదు. అందుకే ఒకవైపు పంటితోనే నమిలేవారికి కొన్నాళ్ళకు రెండవవైపు కీలు కూడా నొప్పెట్టవచ్చు.

నడుమనున్న బిళ్ళ కొద్దిగా ముందుకు జారి ఉంటే, నోరు తెరిచేటప్పుడు అది తిరిగి చోటుకు చేరుతూ టక్కుమంటుంది. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ, ఉత్త చప్పుడు మాత్రమే ఉంటే దానికి చికిత్స అక్కరలేదు. ఆ చప్పుడు విని భయపడి క్లినిక్‌ల వెంట తిరిగేవారు ఎందరో ఉన్నారు గనుక ఈ మాట ముందే చెప్పడం మంచిదనిపించింది.

నిజానికి ఎక్కువమందిలో నొప్పి పుట్టేది కీలులో కంటే దానిని కదిలించే కండరాలలో. చెంపలో ఉండే బలమైన నమలు కండరం, కణత మీద విసనకర్రలా పరచుకొన్న మరో కండరం అలసిపోయి, బిగుసుకొని, ముడులు పడతాయి. కణతనొప్పి, చెవిపోటు, మెడపట్టు అన్నీ కలిసి వస్తాయి. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పైపళ్ళు కిందిపళ్ళు ఒకదానికొకటి తాకవలసిన అవసరమే లేదు. కాని దిగులులో ఉన్నవారు, కోపాన్ని మింగుకొనేవారు, ఏకాగ్రతతో కుట్టుపనో కంప్యూటరు పనో చేసేవారు తమకు తెలియకుండానే పళ్ళు బిగించి ఉంచుతారు. కొందరు నిద్రలో పటపటా కొరుకుతారు. ఈ బాధ పురుషుల కంటే స్త్రీలలోను, అందునా ఇరవై నుంచి నలభై ఏళ్ళ వయసువారిలోను ఎక్కువగా కనిపిస్తుంది. స్త్రీ శరీరంలోని హార్మోనుల ప్రభావం దీనికి ఒక కారణం కావచ్చునని పరిశోధకులు అంటారు. మన ఇళ్ళలో స్త్రీలు ఎన్ని మాటలను నోటిదాకా రానిచ్చి, పళ్ళ వెనుకే ఆపేస్తారో అది ఏ పరిశోధనాపత్రంలోను లెక్కకు రాదు.

జారిపోయిన దవడను తిరిగి చోటుకు చేర్చే విధానం ప్రాచీన వైద్యులకు తెలుసు. పదవ శతాబ్దిలో స్పెయిన్‌లోని కొర్డోబాకు చెందిన శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అల్ జహ్రావీ తన ‘కితాబ్ అత్తస్రీఫ్’ చివరి భాగంలో ఎముకల విరుపులు, కీళ్ళ తొలగుడులను గురించి రాస్తూ దవడను కూడా ప్రస్తావించాడు. అయితే తొలగిపోని కీలులో నెలల తరబడి నిలిచే నొప్పి వేరే సంగతి. 1934లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు జేమ్స్ కాస్టెన్ ఈ చెవిపోటుకు, దవడ కీలుకు సంబంధం ఉన్నదని రాసి, పళ్ళు కలిసే తీరులోని లోపమే మూలమన్నాడు. ఆ ఒక్క భావన వలన దశాబ్దాల పాటు ఎందరి పళ్ళనో అరగదీశారు, పీకారు, తొడుగులు వేశారు. పళ్ళ కలయికను సరిచేస్తే ఈ నొప్పి తగ్గుతుందనడానికి గట్టి ఆధారం తరువాతి పరిశోధనలలో దొరకలేదు. మా ఆపా పోగొట్టుకొన్న జ్ఞానదంతం వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

కోసే లేజర్, కోయని లేజర్

ఉక్కు నగరవాసులకు లేజర్ అనగానే ఇనుపరేకును వెన్నలా కోసే కాంతి గుర్తుకు వస్తుంది. 1964లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేస్తున్న భారతీయ శాస్త్రవేత్త సి.కె.ఎన్. పటేల్ రూపొందించిన కార్బన్ డయాక్సైడ్ లేజర్ లోహాలను కోసే పనిలోకి వచ్చింది. ఆ యంత్రాల శక్తి వేల వాట్లలో ఉంటుంది. దవడ నొప్పికి వాడే లేజర్ శక్తి సాధారణంగా అర వాటుకు లోపే. అది కోయదు, కాల్చదు. కొందరు దీనిని చల్లని లేజర్ అంటారు. దూలాభాయికి మొదట చెప్పవలసి వచ్చిన మాట ఇదే. లేజర్ అంటే ఆపరేషన్ అనుకొని ఆయన భయపడ్డారు.

దీని పుట్టుక వింతైనది. 1967 ప్రాంతంలో హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఎండ్రె మెస్టర్ అనే వైద్యుడు లేజర్ కాంతి వలన కాన్సర్ వస్తుందేమో చూడాలని ఎలుకల వీపున వెంట్రుకలు గొరిగి, తక్కువ శక్తిగల కెంపు లేజర్‌ను ప్రసరింపజేశాడు. కాన్సర్ రాలేదు. కాంతి పడిన చోట వెంట్రుకలు మాత్రం మిగతా ఎలుకల కంటే త్వరగా మొలిచాయి. అక్కడినుంచి మానని పుండ్లకు, కీళ్ళ నొప్పులకు ఈ కాంతిని వాడి చూడటం మొదలైంది.

ఎరుపు, దానికి ఆవల కంటికి కనిపించని పరారుణ కాంతి చర్మాన్ని దాటి కొంత లోతుకు చొచ్చుకుపోగలవు. కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలోని ఒక ఎంజైము ఈ కాంతిని గ్రహిస్తుందని, దానివలన కణానికి శక్తి పెరిగి, వాపు కలిగించే రసాయనాలు తగ్గి, నొప్పిని మోసే నరాల ఉద్వేగం కొంత శాంతిస్తుందని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. ఇందులో ఒక చిక్కు ఉన్నది. మోతాదు తక్కువైతే ఫలితం ఉండదు, ఎక్కువైనా ఉండదు. కాంతి రంగు, శక్తి, ఎన్ని క్షణాలు ఏ బిందువు మీద పెట్టారు అన్నవాటిని బట్టి ఫలితం మారిపోతుంది. చర్మపు రంగు, గడ్డం వెంట్రుకలు కూడా కొంత కాంతిని పీల్చుకుంటాయి. అందువలన ఒక క్లినిక్‌లో ఇచ్చే ‘లేజర్’, మరొక క్లినిక్‌లో ఇచ్చే ‘లేజర్’ ఒకే మందు కాకపోవచ్చు.

చికిత్స సమయంలో జరిగేది చాలా స్వల్పం. లావుపాటి పెన్నువంటి పరికరాన్ని చెవి ముందు, చెంపలోను కణతలోను నొప్పి ఉన్న బిందువుల మీద కొద్దిసేపు ఆనిస్తారు. వైద్యుడు, రోగి ఇద్దరూ కళ్ళకు ప్రత్యేకమైన అద్దాలు పెట్టుకోవాలి. ఇది తప్పనిసరి, ఎందుకంటే ఈ కాంతి కంటి లోపలి పొరను దెబ్బతీయగలదు. వేడిగాని, నొప్పిగాని తెలియదు. వారానికి రెండు మూడు పర్యాయాలు, కొన్ని వారాలపాటు ఇస్తారు. నిఖాబ్ ధరించే సోదరీమణులు చెంప, కణత భాగాలను చూపవలసి ఉంటుంది గనుక మహిళా వైద్యురాలు గాని, ఫిజియోథెరపిస్టు గాని ఉన్నారా అని ముందే అడిగి తెలుసుకోవచ్చు. ఉపవాసం గురించి కూడా కొందరు అడుగుతారు. నోటిద్వారా గాని, నరంద్వారా గాని లోపలికి పోయే పదార్థమేదీ ఇందులో లేదు. అయినా సందేహం ఉన్నవారు తమ మస్జిదు ఇమామ్ గారిని అడగవచ్చు, లేదా ఇఫ్తార్ తరువాతి వేళ తీసుకోవచ్చు.

ఇంతకీ పనిచేస్తుందా?

ఇక్కడే నేను చాలాసేపు ఆగవలసి వచ్చింది.

2005లో బ్రెజిల్ పరిశోధకులు దవడ కీలు నొప్పి ఉన్న 30 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు నిజమైన లేజర్, మరొక జట్టుకు వెలిగించని పరికరం ఆనించారు. ఎవరికి ఏది అందిందో రోగులకు తెలియదు. కొన్ని వారాల తరువాత రెండు జట్లకూ నొప్పి తగ్గింది! 2008లో ఆస్ట్రియాలో 52 మందిపై ఎనిమిది వారాలపాటు చేసిన పరీక్షలోను నిజమైన లేజర్‌కు, ఉత్తుత్తి లేజర్‌కు చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. ఈ రెండింటికీ నడుమ, 2006లో తుర్కియే వైద్యులు చేసిన పరీక్షలో లేజర్ పొందినవారికే ఎక్కువ మేలు జరిగింది. 2018లో ఇటువంటి 31 పరీక్షలను కలిపి లెక్కగట్టిన ఒక సమీక్ష, లేజర్ నొప్పిని తగ్గిస్తుందనీ, నోరు తెరవడం మెరుగవుతుందనీ తేల్చింది.

ఇక 2023 డిసెంబరులో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’ ఒక మార్గదర్శకాన్ని ప్రచురించింది. మూడు నెలలకు మించి నిలిచిన దవడ నొప్పికి సంబంధించిన 153 పరీక్షలను, 59 రకాల చికిత్సలను పక్కపక్కన పెట్టి తూచిన పని అది. అందులో లేజర్‌కు దక్కిన మాట నిరుత్సాహకరమైనది. సాధారణంగా దీనిని వాడవద్దని, అయితే ఇది గట్టి నిషేధం కాదని, రోగి పరిస్థితిని బట్టి ఆలోచించవచ్చునని చెప్పారు. పళ్ళమీద రాత్రిళ్ళు పెట్టుకొనే నైట్ గార్డ్‌కు, కీలులోకి ఇచ్చే కొన్ని ఇంజెక్షన్లకు కూడా అదే స్థానం దక్కింది. పళ్ళ అమరికను శాశ్వతంగా మార్చివేసే తొడుగులను, కీలులోని బిళ్ళను తీసివేసే శస్త్రచికిత్సను మాత్రం గట్టిగా వద్దన్నారు.

మరి గట్టిగా ఔనన్నవి ఏవి? శిక్షకుని పర్యవేక్షణలో దవడ వ్యాయామాలు, దవడను సాగదీయడం, మెడ, భుజాల నిలుపును సరిచేసే కసరత్తు, కండరాల ముడులను చేతితో నొక్కి సడలించడం, ఆలోచనల తీరును, అలవాట్లను మార్చుకొనేందుకు నిపుణుని సాయంతో సాగే సంభాషణ చికిత్స. వీటితోపాటు, ఇది ప్రాణాపాయం కాదని ధైర్యం చెప్పి, ఇంటివద్ద ఏం చేసుకోవాలో నేర్పడం. ఖరీదైన యంత్రం ఒక్కటీ లేని జాబితా అది.

లేజర్ మోసం అని నేను అనను. అదే కాంతి కాన్సర్ చికిత్స తీసుకొనేవారి నోటిపూతను నివారించడంలో బలమైన ఆధారాలతో అంతర్జాతీయ వైద్యసంఘాల సిఫారసు పొందింది. దవడ నొప్పి విషయంలోనూ కొందరికి ఊరట కలుగుతుంది, సరిగా వాడితే హాని దాదాపు లేదు. కాని అది కలిగించగల ఊరట అనిశ్చితమైనది, తరచు తాత్కాలికమైనది. పళ్ళు బిగించే అలవాటును కాంతి మాన్పించలేదు. ‘మాయమవుతుంది’ అన్న హామీ, మొత్తం ముందే కట్టించుకోవడం, ఈ రెండూ ఆధారాలకు మించిన మాటలు. దూలాభాయికి నేను ఇచ్చిన జవాబు ఇంతే: ‘‘ముందు సరిగా పరీక్ష చేయిద్దాం. లేజర్ చివర చూసుకుందాం. అప్పు మాత్రం చేయకండి.’’

దవడ పట్టేయడం అన్నీ ఒకటి కావు

సరిగా పరీక్ష చేయించాలి అనడానికి మన ప్రాంతంలో ప్రత్యేకమైన కారణం ఉన్నది. నోరు తెరుచుకోవడం లేదని వచ్చేవారందరిదీ కీలు జబ్బు కాదు.

వక్క, గుట్కా, జర్దా నమిలేవారికి నోటి లోపలి పొర తెల్లబారి, గట్టిపడి, నారకట్టి, నోరు క్రమంగా మూసుకుపోయే వ్యాధి వస్తుంది. కారం తగిలితే మంట, ఆపైన మూడువేళ్ళు పట్టే నోట్లో రెండే పడతాయి, తరువాత ఒకటే. ఇది కాన్సర్‌కు దారితీయగల స్థితి. రేవులోను, లారీ యార్డుల్లోను రాత్రిపని చేసే మన యువకులలో నిద్ర ఆపుకొనేందుకు ఈ పొట్లాలు చప్పరించేవారు తక్కువేమీ కాదు. అన్నం తిన్నాక జర్దాపాన్ వేసుకొనే పెద్దలు, అది మర్యాదే గాని వ్యసనం కాదనుకొనే కుటుంబాలు మనలో ఉన్నాయి. వారి నోరు బిగిస్తే దవడ కీలు అనుకొని లేజర్ పెట్టించడం ప్రమాదం.

ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో చుట్టను నిప్పు ఉన్న వైపు నోట్లో పెట్టుకొని కాల్చే అడ్డపొగ అలవాటు తరతరాలుగా ఉన్నది, ముఖ్యంగా పెద్దవయసు స్త్రీలలో. ఆ వేడికి అంగిలి మీద కాన్సర్ పుడుతుందని విశాఖ ఆంధ్ర వైద్య కళాశాల వైద్యులు దశాబ్దాల క్రితమే అధ్యయనం చేసి చూపారు. కాన్సర్ ఉన్నదని అనుమానం కలిగిన చోట ఈ లేజర్‌ను వాడరాదు. నోటిలో రెండువారాలకు మించి మానని పుండు, తెల్ల లేక ఎర్ర మచ్చ, మెడలో గడ్డ, పెదవి మొద్దుబారడం కనిపిస్తే ముందు నోటి పరీక్ష, ఆ తరువాతే మరేదైనా.

మరొక రెండు సంగతులు. మెట్లెక్కినప్పుడో బరువు మోసినప్పుడో దవడలో, ముఖ్యంగా ఎడమవైపు నొప్పి వచ్చి, చెమటలు, ఛాతీ బరువు కూడా ఉంటే అది గుండెనొప్పి కావచ్చు. క్షణం ఆలస్యం చేయక అత్యవసర విభాగానికి వెళ్ళాలి. యాభై ఏళ్ళు దాటినవారికి కొత్తగా కణతనొప్పి, నమిలేకొద్దీ దవడ అలసట, చూపు మసకబారడం కలిసి వస్తే అది రక్తనాళాల వాపు కావచ్చు. చికిత్స ఆలస్యమైతే చూపు పోగలదు.

పరీక్షకు దూరం పోనక్కరలేదు. కేజీహెచ్ వంటి పెద్ద ప్రభుత్వాసుపత్రి నగరం నడుమనే ఉన్నది. రుషికొండలో గీతం దంతవైద్య కళాశాల, భీమునిపట్నం దారిలో సంగివలస వద్ద అనిల్ నీరుకొండ దంతవైద్య సంస్థ ఉన్నాయి. దంతవైద్య కళాశాలల్లో ఓరల్ మెడిసిన్ అనే విభాగం ఉంటుంది. పన్ను తీయడం కాక, నోటి జబ్బులను గుర్తించడం వారి పని. ‘పళ్ళ డాక్టరు’ అని కాక ఆ విభాగం పేరు చెప్పి అడిగితే సగం తిరుగుడు తప్పుతుంది.

ఇంట్లో చేసుకొనేవి

నగరంలోని ఒక దంతవైద్య కళాశాలలో ఆపాను పరీక్షించిన వైద్యురాలు పది నిమిషాలపాటు చెంప, కణత, మెడ కండరాలను వేళ్ళతో నొక్కి చూసింది. స్కేలుతో నోరు ఎంత తెరుచుకుంటున్నదో కొలిచింది. సామాన్యంగా నలభై మిల్లీమీటర్లు, అంటే మూడువేళ్ళు నిలువుగా పట్టాలి. ఆపా నోరు ముప్పై దగ్గర ఆగింది. కీలు అరగలేదని, కండరాలు బిగుసుకొన్నాయని చెప్పింది. ఆ తరువాత పెన్ను పక్కనపెట్టి, ‘‘ఇంట్లో ఏదైనా దిగులు ఉన్నదా అమ్మా?’’ అని అడిగింది.

ఆపా కళ్ళనీళ్ళు పెట్టుకొంది. పెద్దమ్మాయి నిఖా సంబంధం కుదిరి తప్పిపోయిన దగ్గరనుంచి ఆమెకు నిద్ర లేదట. రాత్రంతా పళ్ళు బిగించి పడుకొంటున్నదని ఆమెకూ తెలియదు, నైట్ షిఫ్టులో ఉండే దూలాభాయికీ తెలియదు. ఆయన ఆ సంగతి మొదటిసారి విన్నది ఆ ఆసుపత్రి గదిలోనే.

వైద్యురాలు నేర్పిన వాటిలో మొదటిది నోటి విశ్రాంతి. పెదవులు కలిసి ఉండాలి, పళ్ళు విడిగా ఉండాలి, నాలుక కొన పైపళ్ళ వెనుక అంగిలిని తేలికగా తాకుతూ ఉండాలి. ‘న’ అక్షరం పలికి నాలుకను అక్కడే ఆపితే ఎక్కడ ఉంటుందో అక్కడ అన్నమాట. ఇది విని ఆపా నవ్వింది. అరబీలో ‘నూన్’ అక్షరం పుట్టేచోటు అదే కదా, ఇరవై ఏళ్ళుగా నేను పిల్లలకు చెబుతున్నది అదే కదా అని.

రెండవది, నాలుకను ఆ చోటనే ఉంచి నోరు తిన్నగా, పక్కకు జారకుండా తెరచి మూయడం. ఆరేసి సార్లు, రోజుకు ఆరు దఫాలు. అయిదు పూటల నమాజులకు జోడించుకొని, నిద్రకు ముందు మరొకటి చేర్చుకొంటే లెక్క సరిపోయిందామెకు. గోరువెచ్చని తడి తువ్వాలుతో చెంపలకు పది పదిహేను నిమిషాల కాపడం. కొన్నాళ్ళు మెత్తని ఆహారం. ఈ విషయంలో మన వంటిళ్ళకు సాయం అక్కరలేదు. హలీమ్, ఖిచిడీ, జావ, నానబెట్టిన ఖర్జూరం ఉండనే ఉన్నాయి. నల్లిబొమికలు, ఎండుమాంసం, చెరకు, చూయింగ్ గమ్ మానాలి. ఆవులింత వచ్చినప్పుడు గడ్డం కింద చేయి పెట్టి నోరు మరీ తెరుచుకోకుండా ఆపాలి. ఆవులింతను వీలైనంత అణచుకొని నోటికి చేయి అడ్డం పెట్టుకొమ్మని ప్రవక్త (స) నేర్పిన మర్యాద చిన్నప్పటినుంచి పాటించేవారికి ఇది కొత్త పాఠం కాదు. ఫోన్‌ను చెవికీ భుజానికీ నడుమ నొక్కి పెట్టుకొని వంట చేయడం మాత్రం మానలేక చాలా ఇబ్బంది పడింది.

నొప్పి బిళ్ళల గురించి ఒక హెచ్చరిక. వాపు తగ్గించే బిళ్ళలను కొద్దిరోజులకు వైద్యులు రాయవచ్చు. వాటిని ఖాళీ కడుపున మింగితే కడుపులో పుండ్లు పడతాయి. ఉపవాసాల నెలలో వేళలను వైద్యునితో మాట్లాడి నిర్ణయించుకోవాలి. అందరిలాగే తోచిన బిళ్ళ కొనుక్కొని సహ్రీలో మింగడం మంచిది కాదు.

వ్యాయామాలు మొదలుపెట్టిన నాలుగు వారాలకు నొప్పి తగ్గుముఖం పట్టింది గాని పూర్తిగా పోలేదు. అప్పుడు అక్కడి ఫిజియోథెరపిస్టు, తమవద్ద లేజర్ ఉన్నదని, వ్యాయామానికి తోడుగా కావాలంటే నాలుగైదు సార్లు చూడవచ్చునని, పనిచేయకపోతే ఆపేద్దామని చెప్పాడు. ఒక్కొక్కసారికి ఒక్కొక్కసారే డబ్బు. నాకు ఆ మాట తీరు నచ్చింది. లేజర్ తీసుకోవాలనుకొనేవారు అడగవలసినవి కూడా ఇవే. నాకున్నది కీలు నొప్పా, కండరాల నొప్పా? ఏ రంగు కాంతి, ఎంత మోతాదు, ఎన్నిసార్లు? ఎన్నిసార్ల తరువాత ఫలితం లేదని ఒప్పుకొని ఆపుతారు? దీనితోపాటు వ్యాయామం ఎవరు నేర్పుతారు? గర్భిణులు, కాన్సర్ చికిత్స పొందినవారు ఆ సంగతి ముందుగా తామే చెప్పాలి. ఈ ప్రశ్నలకు చిరాకుపడే చోట డబ్బు కట్టకపోవడం మేలు.

ఆపా నాలుగుసార్లు తీసుకొంది. ‘‘పెట్టిన రోజు సాయంత్రందాకా హాయిగా ఉంటుంది, ఆ హాయిలో నోరు బాగా తెరిచి కసరత్తు చేయగలుగుతున్నాను. మర్నాటికి మళ్ళీ మామూలే’’ అన్నది. ఐదవసారికి వెళ్ళలేదు. నొప్పి తగ్గడానికి లేజర్ ఎంత కారణం, వ్యాయామం ఎంత కారణం, మనసులో మాట బయటపడటం ఎంత కారణం అని నన్నడిగితే నేను చెప్పలేను. అమ్మాయి సంగతి ఇప్పుడు భార్యాభర్తలిద్దరూ కూర్చొని మాట్లాడుకొంటున్నారు. నోరు ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు తెరుచుకొంటున్నది. టక్కుమనే చప్పుడు అలాగే ఉన్నది. అది ఉండవచ్చునని వైద్యురాలు ముందే చెప్పింది.

ఈమధ్య ఒక సాయంత్రం గాజువాక వెళ్ళినప్పుడు పాఠం జరుగుతున్నది. సగంలో ఆపా చేయెత్తి అందరినీ ఆపి, ‘‘నూన్’’ అని పలికించి, నాలుకను అక్కడే ఉంచి కాసేపు ఊరకే ఉండమన్నది. పదిహేను మంది పిల్లలు, పెదవులు మూసుకొని, కళ్ళు తిప్పుతూ, కదలకుండా కూర్చున్నారు. అదేదో తజ్వీద్ నియమమని వారి నమ్మకం.